కుడివైపు నడిచే దేశానికి మీ కారు వెళ్తుంటే హెడ్‌లైట్లను ఏమి చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. బ్రిటన్‌లో కొన్న కారుతో డోవర్‌లో ఓడ ఎక్కి ఫ్రాన్స్‌లోని కలే రేవులో దిగుతారు. అక్కడి నుంచి ఫ్రాన్స్, జర్మనీలలో మూడు వారాలు తిరిగి వెనక్కి వస్తారు. బ్రిటన్‌లో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి, ఆ రెండు దేశాల్లో కుడివైపు. హెడ్‌లైట్లకు స్టిక్కర్లు అంటించాలని ఒకరు చెప్పారు. డ్యాష్‌బోర్డు మీది చక్రం తిప్పి వెలుగును కిందికి దించితే చాలని మరొకరు చెప్పారు. అయిదేళ్లుగా ఏమీ చేయకుండానే వెళ్లి వస్తున్నానని మీ మిత్రుడు అన్నారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట వినాలన్నది మీ సందేహం.

ఇరవై ఏళ్లకు పైగా హెడ్‌లైట్లు సరిచేసే పనిలో ఉన్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మొదట మీ కారుకు ఉన్నవి ఏ రకం లైట్లో తెలుసుకోండి. వాటిని మార్చే ఏర్పాటు కారులోనే ఉంటే దాన్నే వాడండి. లేకపోతే స్టిక్కర్లు వాడండి. చక్రం తిప్పి దించడాన్ని పరిష్కారంగా లెక్కించకండి. ఏ పద్ధతి వాడినా బయలుదేరే ముందు ఒక రాత్రి కారును గోడకు ఎదురుగా నిలిపి మీ కళ్లతో చూసుకోండి. ఈ చివరి పని చాలామంది చేయరు. నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం గోడ ముందు రెండు నిమిషాలు నిలబడి ఉంటే బయటపడేవే.

సమస్య ఎక్కడ ఉందో ముందు చూద్దాం. హై బీమ్, అంటే దూరం చూపే వెలుగు, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, దానితో ఇబ్బంది లేదు. లో బీమ్, అంటే ఎదుటి వాహనాలు ఉన్నప్పుడు వేసే దించిన వెలుగు, అలా ఉండదు. గోడ మీద పడిన లో బీమ్‌ను చూస్తే వెలుగుకు పైన స్పష్టమైన హద్దు కనిపిస్తుంది. ఎదుటి వాహనాలు వచ్చే వైపు ఆ హద్దు చదునుగా ఉంటుంది. రోడ్డు అంచు వైపు మాత్రం దాదాపు 15 డిగ్రీల కోణంలో పైకి లేస్తుంది. కొన్ని లైట్లలో ఏటవాలుకు బదులు నిటారుగా ఒక మెట్టులా లేచి మళ్లీ చదునవుతుంది. పైకి లేచిన ఆ భాగాన్ని ఈ జవాబులో కొమ్ము అని పిలుస్తాను. రోడ్డు అంచున నడిచే మనిషి, సైకిలు, దారి చూపే బోర్డు మీకు దూరం నుంచే కనబడేది ఆ కొమ్ము వల్లనే. ఎడమవైపు నడిచే దేశం కోసం చేసిన లైటులో కొమ్ము ఎడమకు ఉంటుంది. ఆ కారు కుడివైపు నడిచే దేశానికి వెళ్తే అదే కొమ్ము ఎదురుగా వచ్చేవారి ముఖం మీద పడుతుంది. మీ వైపు రోడ్డు అంచు మాత్రం చీకటిలో ఉండిపోతుంది.

కొంచెం లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే లెక్క చూశాకే చాలామంది దీన్ని పట్టించుకుంటారు. మీ హెడ్‌లైట్ నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. లో బీమ్ హద్దు సాధారణంగా 1 శాతం వాలుతో దిగుతుంది, అంటే ప్రతి 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు. 25 మీటర్ల దూరానికి అది 25 సెంటీమీటర్లు దిగి నేలకు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఎదురుగా వచ్చే కారులోని డ్రైవరు మీకు పక్కగా 3 మీటర్ల దూరంలో ఉంటాడు. 15 డిగ్రీల కోణంలో లేచే కొమ్ము 3 మీటర్లు పక్కకు జరిగేసరికి 80 సెంటీమీటర్లు పైకి ఎక్కుతుంది. 40కి 80 కలిపితే 120 సెంటీమీటర్లు. మామూలు కారులో కూర్చున్న మనిషి కళ్లు ఉండేది దాదాపు ఆ ఎత్తులోనే.

అక్కడ పడేది చిన్న వెలుగు కాదు. హెడ్‌లైట్లకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి నియమం 112 లో ఒక కొలత ఉండేది. హాలోజన్ లైటు ముందు 25 మీటర్ల దూరంలో తెర పెట్టి కొలిస్తే, ఎదుటి డ్రైవరు కళ్లుండే చోట వెలుగు 0.4 లక్స్ దాటకూడదు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగు తీవ్రతకు కొలమానం). సొంత వైపు రోడ్డు అంచు మీద 75 మీటర్ల దూరాన్ని సూచించే బిందువు దగ్గర మాత్రం కనీసం 12 లక్స్ ఉండాలి. ఒక వైపు గరిష్ఠం, మరో వైపు కనీసం, రెండింటికీ మధ్య 30 రెట్ల తేడా. రోడ్డు మారి లైటు మారకపోతే ఈ రెండు వైపులూ తారుమారవుతాయి.

ఇక మీ మిత్రుడి మాట. అయిదేళ్లలో ఎవరూ ఏమీ అనలేదని ఆయన చెబుతున్నది నిజమే కావచ్చు. కానీ ఎవరు అంటారు? గంటకు 90 కిలోమీటర్ల వేగంతో రెండు కార్లు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం సెకనుకు 50 మీటర్లు తగ్గిపోతుంది. కళ్లు చెదిరిన మనిషి మీ వెనక ఎక్కడో చీకటిలో కలిసిపోతాడు. అతని చూపు తేరుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఆ ఒక్కో సెకనులో అతని కారు 25 మీటర్లు సాగుతుంది. అందులో ఏమి జరిగిందో మీ మిత్రుడికి తెలిసే అవకాశమే లేదు. ఇంకా, తడి రోడ్డు మీద అద్దంలా మెరిసే నీటి పొర వల్ల, ఎత్తుపల్లాల దారిలో కారు ముక్కు పైకి లేచినప్పుడు ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. చాలా దేశాల్లో ఎదుటివారి కళ్లు చెదిరేలా లైట్లు వేసుకుని నడపడం నేరం. జరిమానా మాట పక్కన పెట్టినా, ప్రమాదం జరిగిన రాత్రి మీ లైట్లు తప్పు వైపు ఉన్నాయని తేలితే బీమా సంస్థ ముందు మీ పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి.

సరే, మీ లైటు ఏ రకమో తెలుసుకోవడం ఎలా? హెడ్‌లైట్ గాజు మీద, అంచుకు దగ్గరగా, వలయంలో ఆంగ్ల E అక్షరం, దాని పక్కన ఒక అంకె ఉంటాయి. ఆ అంకె అనుమతి ఇచ్చిన దేశాన్ని చెబుతుంది: 1 జర్మనీ, 2 ఫ్రాన్స్, 11 బ్రిటన్. మీకు కావలసింది అది కాదు, దాని దగ్గర్లో ఉండే బాణం గుర్తు. కారు ముందు నిలబడి లైటును చూస్తున్నప్పుడు బాణం మీ కుడి చేతి వైపు చూపిస్తుంటే, ఆ లైటు ఎడమవైపు నడిచే దేశాలకు మాత్రమే. బాణమే లేకపోతే కుడివైపు నడిచే దేశాల కోసం చేసినది. రెండు చివర్లా ములుకులున్న బాణం ఉంటే రెండు పద్ధతులకూ మార్చుకోగలిగినది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రెండు ములుకుల బాణం చూసి కొందరు తమ లైటు ఎక్కడైనా సరిపోతుందని నిశ్చింతగా ఉంటారు. ఆ గుర్తు చెప్పేది మార్చడానికి వీలుందని మాత్రమే. మార్చే పని ఎవరో ఒకరు చేయాలి. కొన్ని కార్లలో అది మెనూలో ఉంటుంది, కొన్నింటిలో లైటు వెనక మీట రూపంలో ఉంటుంది, మరికొన్నింటిలో కారే ఉపగ్రహ సమాచారంతో తానెక్కడ ఉందో గుర్తించి మార్చుకుంటుంది. కొన్ని కొత్త కార్ల లో బీమ్ మొదటి నుంచే చదునుగా, కొమ్ము లేకుండా ఉంటుంది. అలాంటి కారుకు ఏమీ చేయనక్కర్లేదని యజమాని పుస్తకంలోనే రాసి ఉంటుంది. అందుకే గుర్తు చూశాక పుస్తకంలో విదేశీ ప్రయాణం, లైట్లు అనే భాగం తప్పక చదవండి. మీ కారు తయారైన సంవత్సరానిదే చదవండి, ఎందుకంటే ఒకే మోడల్‌లోనే మామూలు రకానికి హాలోజన్, ఖరీదైన రకానికి ఎల్‌ఈడీ అమర్చి ఉండవచ్చు. రెండింటికీ చేయాల్సింది వేర్వేరు.

మెనూలో మార్చే ఏర్పాటు ఉంటే పని తేలిక. సాధారణంగా దానిని ప్రయాణ మోడ్, పర్యాటక మోడ్ లాంటి పేర్లతో లైట్ల అమరికల్లో పెడతారు. కొన్ని కార్లలో అది కొమ్మును పూర్తిగా అటువైపు తిప్పుతుంది, కొన్నింటిలో కొమ్మును తీసేసి వెలుగును చదును చేస్తుంది. చదును చేసే రకమైతే మీ వైపు అంచు మునుపటంత దూరం కనబడదు, ఆ మేరకు రాత్రి వేగం తగ్గించుకోవాలి. మలుపుతో పాటు తిరిగే లైట్లు, ఎదుటి వాహనాన్ని చూసి దాని మేరకే వెలుగును ఆపే లైట్లు ఉన్న కొన్ని కార్లలో ఈ మోడ్ పెట్టగానే ఆ సదుపాయాలు ఆగిపోవచ్చు. అది లోపం కాదు, కంగారు పడకండి.

లైటు వెనక మీట ఉండే రకం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, పొరపాట్లు అక్కడ ఎక్కువ కాబట్టి. ప్రొజెక్టర్ లైటులో, అంటే ముందు గుండ్రని గాజు బుడగలా కనిపించే రకంలో, బల్బుకూ ఆ గాజుకూ మధ్య ఒక చిన్న లోహపు పలక ఉంటుంది. గాజు ఆ పలక పై అంచును తలకిందులుగా రోడ్డు మీదికి పంపుతుంది. మీరు గోడ మీద చూసే వెలుగు హద్దు నిజానికి ఆ పలక అంచు నీడ. మీట కదిపితే పలక మారుతుంది, దానితో కొమ్ము మారుతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఉండి కూడా చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. బానెట్ తెరిచి, లైటు వెనక మూత తీసి, పుస్తకంలోని బొమ్మ ప్రకారం మీట ఎక్కడుందో చూడాలి. లైట్లు ఆర్పి, కారు తాళంచెవి బయటికి తీసి, చల్లారాకే చేయి పెట్టండి. గ్జెనాన్ లైట్లయితే ఇంకా జాగ్రత్త అవసరం. అవి వెలగడానికి దాదాపు 20 వేల వోల్టుల పైన విద్యుత్తు పుడుతుంది. ఆ రకం మూత తీయడానికి మీకు అలవాటు లేకపోతే వర్క్‌షాప్‌లో చేయించుకోండి, పది నిమిషాల పని.

ఒకసారి ఒకాయన కారు తెచ్చారు. వారం రోజులు విదేశంలో తిరిగారు, ప్రతి రాత్రీ ఎదుటివారు లైట్లు మినుకుమినుకుమనిపిస్తూనే ఉన్నారట. మీటలు మార్చే వెళ్లానని ఆయన గట్టిగా చెప్పారు. గోడకు ఎదురుగా నిలిపి చూస్తే ఒక లైటు కొమ్ము కుడికి, ఇంకొక దానిది ఎడమకు ఉంది. బ్యాటరీ అడ్డుగా ఉండడం వల్ల చేయి దూరని వైపు మీట సగంలోనే ఆగిపోయింది. తాను రెండూ మార్చానని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. అప్పటి నుంచి ఎవరు మార్చి ఇచ్చినా, నేనే మార్చినా, రెండు లైట్లనూ విడివిడిగా గోడ మీద చూడకుండా కారును పంపను.

ఇప్పుడు స్టిక్కర్లు. ఇవి కొత్త ఆలోచన కాదు. స్వీడన్ 1967 సెప్టెంబరు 3న ఎడమవైపు నుంచి కుడివైపుకు మారింది. ఆ రోజుకు ముందే కుడివైపు రోడ్డుకు తగిన లైట్లను వాహనాలకు అమర్చి, గాజు మీద కొంత భాగాన్ని నల్లని స్టిక్కరుతో మూసి ఉంచారు. ఆ తేదీకి ముందు తీయకూడదని దాని మీదే రాసి ఉండేది. అప్పటి కార్లలో చాలావాటికి ఒకే కొలత ఉన్న గుండ్రని లైట్లు ఉండడం వల్ల మార్చడం సులువైంది. ఆనాటి గాజు మీద గాడులుండేవి, వెలుగును మలిచేది ఆ గాడులే. ఏ గాడులు కొమ్మును తయారు చేస్తాయో గాజు చూడగానే తెలిసేది. ఆ త్రికోణాన్ని మూస్తే కొమ్ము పోయేది.

నేటి లైట్లలో గాజు చాలావరకు నునుపుగా ఉంటుంది. వెలుగును మలిచేది వెనకనున్న రిఫ్లెక్టర్, అంటే వెలుగును ముందుకు మళ్లించే అద్దంలాంటి గిన్నె, లేదా లోపలి పలక. అందుకే స్టిక్కరు ఎక్కడ అంటించాలో ఊహతో తేల్చలేరు. రిఫ్లెక్టర్ రకంలో కొమ్మును తయారుచేసే వెలుగు గాజు మీద ఫలానా చోటు నుంచే బయటికి వస్తుంది కాబట్టి సరైన చోట అంటిస్తే బాగా పనిచేస్తుంది. ప్రొజెక్టర్ రకంలో అలా కాదు. కొమ్ముకు సంబంధించిన వెలుగు గుండ్రని గాజులో చాలా భాగం గుండా వస్తుంది. ఒక మూలన నల్ల టేపు అంటిస్తే మొత్తం వెలుగు కొంత మసకబారుతుంది, కొమ్ము మాత్రం అలాగే ఉంటుంది. కెమెరా లెన్స్ మీద వేలి కొన పెడితే ఫొటోలో వేలు కనబడకుండా ఫొటో అంతా కొంచెం మసకబారుతుంది కదా, ఇదీ అలాంటిదే. ప్రొజెక్టర్‌కు వెలుగును వంచే గాడులున్న పారదర్శక స్టిక్కర్లు అమ్ముతారు. వాటితో ఫలితం లైటును బట్టి మారుతుంది, కాబట్టి ప్యాకెట్టు మీది బొమ్మను నమ్మి వదిలేయకుండా పరీక్షించాలి.

ఒకరు ప్యాకెట్టులోని పట్టికలో తమ మోడల్ పేరు వెతికి, కొలతలు తీసి, ఎంతో ఓపికగా అంటించుకుని వచ్చారు. గోడ మీద వెలుగులో మార్పే లేదు. ఆ పట్టికలో ఉన్నది అదే మోడల్ పాత తరం కారు. కొత్త తరంలో లైటు ఆకారం మారింది, బల్బు స్థానం కూడా నాలుగు వేళ్ల మందం లోపలికి జరిగింది. ఆయన శ్రద్ధలో లోపం లేదు, పట్టికలో తయారీ సంవత్సరం చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు, అంతే.

అంటించే ముందు గాజును సబ్బు నీటితో కడిగి బాగా ఆరనివ్వండి. ఇప్పటి హెడ్‌లైట్ గాజు అని మనం అనేది నిజానికి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. అది గాజులా వేడిని తట్టుకోదు. 55 వాట్ల హాలోజన్ బల్బు ముందు వైపుకు చాలా వేడి పంపుతుంది. దట్టమైన నల్ల టేపు ఆ వేడిని పట్టి ఉంచి, గంటల తరబడి ప్రయాణంలో ప్లాస్టిక్‌ను రంగు మార్చవచ్చు, ఉబ్బించవచ్చు. ఇంట్లో ఉన్న విద్యుత్ తీగల టేపు ముక్క కత్తిరించి అంటించడం నేను ఒప్పుకోనిది అందుకే. ఈ పనికే తయారుచేసినది కొనండి. కారు పుస్తకంలో స్టిక్కర్లు వద్దని రాసి ఉంటే ఆ మాటకే కట్టుబడండి.

స్టిక్కరు ఎప్పుడు అంటించాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. కొమ్మును మూసేసి వెలుగును చదును చేసే రకమైతే ఇంటి దగ్గరే అంటించుకోవచ్చు. రేవు దాకా మీ దేశంలో నడిపేటప్పుడు ఎవరి కళ్లూ చెదరవు, మీకు అంచు కొంచెం తక్కువ కనబడుతుంది. కొమ్మును అటువైపు తిప్పేసే రకమైతే ఇంటి దగ్గర అంటిస్తే రేవు దాకా మీ దేశం వాళ్లనే ఇబ్బంది పెడతారు. అలాంటివి రేవు దగ్గర వరుసలో ఆగినప్పుడు అంటించండి. ముందే ఒకసారి ఇంటి దగ్గర గోడ మీద సరిచూసుకుని, గాజు మీద చెరిగిపోయే పెన్నుతో చుక్కలు పెట్టుకుంటే అక్కడ తడబడరు. తిరిగి వచ్చాక తీయడం మరవకండి. జిగురు మిగిలితే జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొద్దిగా వేడి చేసి మెల్లగా ఒలవండి. బ్లేడుతో గీకితే గీతలు పడతాయి. పెట్రోలు, థిన్నర్ తగిలితే పాలీకార్బొనేట్ మీద సన్నని పగుళ్లు వస్తాయి, ఆ తర్వాత లైటు మార్చడమే గతి.

చక్రం తిప్పి దించే సలహా ఇచ్చిన వ్యక్తి మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఎదుటివారి కళ్లను కాపాడాలన్న ఉద్దేశం అందులో ఉంది. కానీ హెడ్‌లైట్ కాపాడాల్సింది ఇద్దరిని: ఎదుటి డ్రైవరును, మీ వైపు రోడ్డు అంచున నడిచే మనిషిని. దించడం మొదటివారి కోసం రెండోవారిని వదిలేయడమే. 65 సెంటీమీటర్ల ఎత్తున్న లైటు 1 శాతం వాలుతో 65 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. వాలును 2 శాతానికి పెంచితే 32 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 1968 నాటి వియన్నా రహదారి ఒప్పందం ప్రకారం లో బీమ్ కనీసం 40 మీటర్ల దూరం చూపించాలి. మీరు దానికన్నా తక్కువకు దిగిపోయారు. ఆరిన రోడ్డు మీద, ఒక సెకను స్పందన సమయం కలుపుకుని, 32 మీటర్లలో కారు ఆపాలంటే వేగం గంటకు దాదాపు 55 కిలోమీటర్లు మించకూడదు. ఆ దేశాల గ్రామీణ రహదారుల మీద మీరు 80, 90 వేగంతో వెళ్తుంటారు.

ఇంకో సంగతి. ఆ చక్రం అక్కడ ఉన్నది వేరే పని కోసం. మూడు వారాల ప్రయాణం అంటే డిక్కీ నిండా సామాను, వెనక సీటులో మనుషులు. వెనక భాగం కుంగితే ముక్కు పైకి లేస్తుంది. కారు ఒక్క డిగ్రీ పైకి లేచినా 25 మీటర్ల దూరంలో వెలుగు దాదాపు 44 సెంటీమీటర్లు ఎక్కుతుంది. అంటే ఆ 1 శాతం వాలు మొత్తం తుడిచిపెట్టుకుపోయి, కొమ్ముతో సంబంధం లేకుండానే మీరు ఎదుటివారి కళ్లలో వెలుగు కొడుతున్నారు. చక్రం ఉన్నది ఈ బరువును సరిచేయడానికి. కాబట్టి స్టిక్కరు అంటించినా, మెనూ మార్చినా, సామాను బరువుకు తగ్గట్టు చక్రాన్ని కూడా తిప్పాలి. ఎంత తిప్పాలో పుస్తకంలో మనుషులు, సామాను లెక్కన పట్టిక ఉంటుంది. వెలుగు ఎత్తును తనంతట తానే సరిచేసుకునే కార్లలో ఈ చక్రమే ఉండదు.

ఒక్క సందర్భంలో దించడాన్ని ఒప్పుకుంటాను. అక్కడికి చేరాక స్టిక్కరు ఊడిపోయింది, దుకాణాలు మూసేశారు, బస చేసే చోటు ఇంకా పది కిలోమీటర్లుంది. అప్పుడు దించి, నెమ్మదిగా నడిపి చేరుకోండి. మర్నాడు ఉదయమే సరిచేసుకోండి.

గోడ పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. చదునైన నేల, నిటారు గోడ కావాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి, వెంట తీసుకెళ్లే సామాను కూడా పెట్టి, డ్రైవరు సీటులో ఒకరు కూర్చుంటే మంచిది. గోడకు సూటిగా 10 మీటర్ల దూరంలో కారు నిలపండి. చోటు లేకపోతే 5 మీటర్లయినా చాలు. ఒక్కో లైటు సరిగ్గా నడిమి బిందువు ఎత్తును నేల నుంచి కొలిచి గోడ మీద కాగితపు టేపుతో గుర్తు పెట్టండి. లో బీమ్ వేసి, ఒక లైటును దాని ముందు పట్టుకున్న అట్టతో మరుగు చేసి రెండోదాన్ని చూడండి. అట్టను లైటుకు ఆనించకండి, చేతిలో పట్టుకుని వెంటనే తీసేయండి. 1 శాతం వాలు ఉంటే చదునైన హద్దు మీ గుర్తుకు 10 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 5 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. మీ కారుకు ఎంత ఉండాలో బానెట్ కింద లేదా లైటు మీద చిన్న లైటు బొమ్మ పక్కన 1.0 శాతం, 1.3 శాతం అని రాసి ఉంటుంది.

మార్చకముందు డ్రైవరు సీటులోంచి చూస్తే కొమ్ము ఎడమ వైపు లేచి కనిపించాలి. అదే పనిగా చూసి, ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత మెనూ మార్చండి, మీట కదపండి లేదా స్టిక్కరు అంటించండి. ఇప్పుడు ఎడమ వైపు హద్దు చదునుగా ఉండాలి. కుడికి కొమ్ము వచ్చిందా, రెండు వైపులా చదునయిందా అన్నది పద్ధతిని బట్టి ఉంటుంది, రెండూ సరైనవే. ఎడమ వైపు ఏ కొంచెమైనా లేచి ఉంటే స్టిక్కరును వేలి మందం చొప్పున జరుపుతూ చూడండి. అది ఎక్కడ సరిపోయిందో అక్కడే మీ చుక్కలు. తిరిగి వచ్చాక మొదటి ఫొటోతో పోల్చి, అన్నీ యథాస్థితికి వచ్చాయో లేదో తేల్చుకోవచ్చు.

లైటు వెనక ఉండే సర్దుబాటు స్క్రూలను మాత్రం తిప్పకండి. వాటితో వెలుగు మొత్తాన్ని కుడికి, ఎడమకు, పైకి, కిందికి జరపవచ్చు గాని కొమ్మును ఒక వైపు నుంచి మరో వైపుకు తిప్పలేరు. ఎడమకున్న కొమ్మును కుడికి తోద్దామని స్క్రూ తిప్పితే మొత్తం వెలుగు పక్కకు పోతుంది, కొమ్ము అలాగే ఉంటుంది. మళ్లీ సరైన స్థానానికి తేవాలంటే కొలిచే యంత్రం కావాలి.

మీ కారు పాతదై, హాలోజన్ లైటులో మూల బల్బు తీసి అంగడిలో కొన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఉంటే ఇప్పటివరకు చెప్పినవేవీ నమ్మకంగా పనిచేయవు. హాలోజన్ బల్బులో తీగ ఎక్కడుందో దాన్ని బట్టి రిఫ్లెక్టర్‌ను రూపొందిస్తారు. వెలుగు పుట్టే చోటు ఒక మిల్లీమీటరు జరిగినా హద్దు చెదిరిపోతుంది. ప్రయాణానికి ముందు అసలు రకం బల్బునే మళ్లీ పెట్టించండి. హై, లో బీమ్ తీగలు రెండూ ఒకే బల్బులో ఉండే హెచ్4 రకం వాడే కొన్ని పాత లైట్లలో బల్బును రెండు కోణాల్లో కూర్చోబెట్టే గాడులు ఉండేవి. లో బీమ్ తీగ కింద ఉండే చిన్న కవచం ఒక వైపు 15 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది, కొమ్ము పుట్టేది అక్కడే. బల్బును రెండో గాడిలో తిప్పి పెడితే కొమ్ము అటు మారుతుంది. మీ లైటుకు ఆ ఏర్పాటు ఉంటే అంతకన్నా శుభ్రమైన పరిష్కారం లేదు. లేని లైటులో బలవంతంగా తిప్పి బిగించవద్దు.

మూడు వారాలకు కాకుండా అక్కడే స్థిరపడేవారికి ఈ జవాబు చాలదు. వారు ఆ దేశానికి తగిన హెడ్‌లైట్లనే పెట్టించుకోవాలి, రెండు ములుకుల బాణం ఉన్నవైతే శాశ్వతంగా మార్పించుకోవాలి. వెనక పొగమంచు లైటు ఒక్కటే ఉంటే దానినీ చూసుకోవాలి. అది రోడ్డు మధ్యకు దగ్గరగా ఉండే వైపు గాని, సరిగ్గా మధ్యలో గాని ఉండాలన్నది నియమం. బ్రిటన్ కారులో కుడివైపున్న ఆ లైటు ఫ్రాన్స్‌లో నమోదు చేయించే కారుకు ఎడమవైపు ఉండాలి. పర్యటనకు వెళ్లేవారికి దీనితో పని లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ దేశాల్లో కూడా ఎడమవైపే నడుస్తారు కాబట్టి మీ తర్వాతి ప్రయాణం అటువైపైతే లైట్ల జోలికి వెళ్లనక్కర్లేదు. జర్మనీ నుంచి మీ దగ్గరకు కారులో వచ్చే స్నేహితులకు మాత్రం ఇదంతా తలకిందులుగా వర్తిస్తుంది.

మీ కారు మోడల్, తయారీ సంవత్సరం, హెడ్‌లైట్ గాజు మీద బాణం ఎటు ఉందో, ముందు గుండ్రని బుడగలాంటి గాజు ఉందో లేదో రాయండి. వీలైతే గోడ మీద ఒక్కో లైటు వెలుగును విడిగా ఫొటో తీసి పెట్టండి. మీట ఉండే రకమో, స్టిక్కరు అవసరమో, అవసరమైతే ఎక్కడ అంటించి చూడాలో దాన్ని బట్టి చెబుతాను. ఓడ ఎక్కడానికి ఇంకా పది రోజులున్నాయని రాశారు కాబట్టి ఈ వారాంతంలోనే గోడ పరీక్ష చేయండి, ఏదైనా కొనాల్సి వస్తే సమయం ఉంటుంది.